గేట్ల కింది మూసీ

వరద ఆపడానికి ఆనకట్ట కడితే దాని ఎగువన పాత వంతెన మునగడం చాలాచోట్ల జరిగిందే. మూసీ మీద వరస తిరగబడింది. ఇక్కడ వంతెనలు ఆనకట్టకు దిగువన మునుగుతాయి, అదీ గేట్లు ఎత్తిన రోజున.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు ఈ ఏటికి ఎవరితోనూ పేచీ లేదు. పేచీ హైదరాబాద్‌లో మొదలైంది. 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది, 1578 నాటి పురానాపూల్ నిలబడింది. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, వరదను పట్నానికి ఎగువనే పట్టి ఉంచి మెల్లగా వదలమన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వాటిని మంచినీళ్ల చెరువులుగానే ఎరిగిన పట్నం జనానికి, అవి వరద కోసం కట్టినవన్న సంగతి మూసారాంబాగ్ వంతెన దగ్గర పోలీసులు బారికేడ్లు పెట్టినప్పుడే గుర్తొస్తుంది.

పట్నం దాటాక మూసీ దిగువనున్న మన జిల్లాల ఏరు. పట్నం మురుగు పుణ్యమా అని ఎండాకాలంలోనూ పారుతుంది. నురగ తేలే ఆ నీళ్లతోనే బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ పొలాల్లో వరి పండుతుంది. నీళ్లు మంచివి కావని రైతుకు తెలియక కాదు, వేరే నీళ్లు లేక.

వానాకాలం వస్తే ఇదే ఏరు దారులు మూసేస్తుంది. బీబీనగర్, పోచంపల్లి మధ్య జూలూరు–రుద్రవెల్లి లోలెవల్ వంతెన, వలిగొండ మండలంలో భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర దారి వరదకు మునుగుతాయి. జంట జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే ఇక్కడ రాకపోకలు బంద్. బడి పిల్లలు, పాలవాళ్లు, ఆసుపత్రికి బయలుదేరిన గర్భిణి, అందరూ చుట్టు తిరిగే పోవాలి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా కత్వ మీద నడిచే దారిని వంతెన అని పిలవడం మన ఓపికకు గుర్తో, పాలకుల ధీమాకు గుర్తో తెలియదు.

ఇంకా కిందికి వస్తే సోలిపేట. అక్కడి మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. పూర్తిమట్టం 645 అడుగులు, నిల్వ 4.46 టీఎంసీలు. సూర్యాపేట, కేతేపల్లి వైపు పొలాలకు కుడి ఎడమ కాలువలు దీని నుంచే. ఇది వరదను ఆపే ఆనకట్ట కాదు, సాగు కోసం కట్టింది. పట్నంలో గట్టి వాన పడితే ఇక్కడి ఇంజినీర్లకు నిద్ర ఉండదు. 2019 అక్టోబరులో ఒక రెగ్యులేటర్ గేటు కొట్టుకుపోయింది. నిండిన ప్రాజెక్టు కళ్లముందే ఖాళీ అయింది. గేటు ఎత్తినా ముప్పే, ఊడినా ముప్పే.

ప్రాజెక్టుకు ఎగువన మూసీలో కలిసే బిక్కేరు ఒడ్డున ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. ఆ కాలం వాళ్లు ఏటి పక్కనే ఉన్నా గుట్ట ఎక్కి కట్టారు.

వరద అంటే మూసీ ఒక్కటే కాదని 2024 సెప్టెంబరు 1న కోదాడ చూసింది. పాలేరు పొంగి నల్లబండగూడెం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడింది.

చివరికి మిర్యాలగూడకు కింద, దామరచర్ల మండలం వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడు, ఆవలి ఒడ్డున పొందుగల. అక్కడి నుంచి దిగువకు పులిచింతల వెనక నీళ్లు. 45.77 టీఎంసీల ఆ జలాశయం 2013 డిసెంబరులో ప్రారంభమైంది. సూర్యాపేట జిల్లాలో నెమలిపురి లాంటి ఊళ్లు దాని కింద మునిగాయి. మట్టపల్లి నరసింహస్వామి గుడికి మాత్రం కరకట్ట కట్టారు.

మూసీని సుందరంగా చేస్తామని ప్రభుత్వాలు పట్నంలో ప్రణాళికలు గీస్తున్నాయి. చేయండి. అంతకన్నా ముందు జూలూరు దగ్గరా, భీమలింగం దగ్గరా హైలెవల్ వంతెనలు పూర్తిచేయండి. గేట్లు ఎత్తే కబురు టీవీ కన్నా ముందు దిగువ ఊళ్లకు అందేలా చూడండి.