చిన్న కారు – పెద్ద లెక్క

పాల లెక్క రాసుకునే నోటుబుక్కు చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ వైపున ‘మంచి’, కుడి వైపున ‘చెడు’ అని రాశాను. మా అమ్మాయికి పెళ్ళి సంబంధం చూసినప్పుడు కూడా ఇంట్లో ఇంత తర్జనభర్జన జరగలేదంటే నమ్మండి! ఇంతకీ విషయం మా కారు. 2005 దీపావళికి కొన్న మారుతి 800.

2020లో పదిహేనేళ్ళు నిండినప్పుడు రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాం. ఫీజు 600 రూపాయలే. 2025లో ఇరవై ఏళ్ళు నిండి మళ్ళీ గడువు వచ్చింది. సరిగ్గా ఆ ఆగస్టులోనే ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజు 10,000 రూపాయలు చేశారు. గ్రీన్ టాక్సు అదనం. టైర్లు, సైలెన్సరు, డోరు కింద తుప్పు... ఆ ఖర్చు వేరే.

“ఉంచుదామా, తీసేద్దామా? ఎక్కువగా నడిపేది నువ్వే కదా, నువ్వే చెప్పు” అన్నారు మావారు. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ‘నువ్వే చెప్పు’ అని ఆయన అన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే నోటుబుక్కు తీశాను.

ముందు మంచి సంగతులు.

ఈ కారు మన దేశంలో 1983 డిసెంబరు 14న మొదలైంది. మొదటి కారు తాళాలు ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా అందించారు. అప్పట్లో ధర యాభై వేలకి అటూ ఇటూ. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే ముప్పై ఏళ్ళ పాటు స్కూటరు మీద నలుగురు సర్దుకుని కూర్చునే మనలాంటి కుటుంబాలకి ‘మనమూ కారు కొనొచ్చు’ అనే ధైర్యం ఇచ్చింది ఇదే. మేమూ అంతే. ముందు అమ్మాయి నిలబడేది, వెనక నేను, నా ఒళ్ళో సామాన్ల సంచీ. అత్తయ్యగారు మాత్రం వెనకే రిక్షాలో వచ్చేవారు. వాన పడితే ఆవిడ తడవకుండా వచ్చేవారు, మేం తడిసి ముద్దయ్యేవాళ్ళం.

కారు పొడవు పదకొండు అడుగులకి కాస్త తక్కువ. వెడల్పు నాలుగు ముప్పాతిక అడుగులు. మాది గుంటూరు. సందుల్లో ఇటు బండి, అటు బండి నిలబడి ఉంటే పెద్ద కార్ల వాళ్ళు హారను కొడుతూ కూర్చుంటారు. నేను మాత్రం కూరల బజారు నుంచి సందు సందునా దూరి ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పడేసేదాన్ని. గేటు ముందు జానెడు జాగా ఉంటే చాలు, కారు పట్టేసేది.

ఇంజను 796 సి.సి., మూడు సిలిండర్లు. కారు బరువు దాదాపు 650 కిలోలు. ఒళ్ళు తేలిక కాబట్టి తిండీ తక్కువే. మా లెక్కలో ఏసీ వేసుకుని ఊళ్ళో తిరిగితే లీటరుకి పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు. ఊరు దాటితే పద్దెనిమిది. రిపేరు వస్తే ఏ ఊళ్ళో ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా ‘ఇది మాకు రాదు’ అన్న మెకానిక్ లేడు.

అన్నిటికంటే పెద్ద మంచి ఇంకొకటుంది. నలభైకి దగ్గర పడుతున్న వయసులో నేను స్టీరింగు పట్టుకున్నది ఈ కారు వల్లనే. పెద్ద కారైతే భయంతో దగ్గరికే వెళ్ళేదాన్ని కాదు. ఇది చిన్నది కావడంతో ముందు బానెట్టు ఎక్కడ అయిపోతుందో, వెనక ఎంత జాగా ఉందో కూర్చున్న చోట నుంచే తెలిసిపోయేది. “ఆడదానివి స్టీరింగు పడితే ఇంక పొయ్యి వెలిగించేదెవరు తల్లీ!” అని అత్తయ్యగారు మొదట్లో సాగదీశారు. ఆరు నెలలు తిరక్కుండా “అమ్మాయ్, కారు తియ్యి, గుడికెళ్ళొద్దాం” అన్నదీ ఆవిడే. మావారు ఊళ్ళో లేని ఒక రాత్రి ఆవిడకి ఆయాసం ఎక్కువైతే, పది నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చాను. అప్పుడు నా కాళ్ళు వణికాయి గానీ కారు వణకలేదు.

ఎడమ వైపు పేజీ నిండిపోయింది. ఇక కుడి వైపు.

వెనక సీటులో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే ఊపిరి పీల్చడానికి కూడా వంతులు వేసుకోవాలి. సీటు బాగా కిందికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు పీట మీద కూర్చున్నట్టు కూలబడి, దిగేటప్పుడు నా భుజం పట్టుకుని లేచేవారు. డిక్కీలో పాతిక కేజీల బియ్యం బస్తా, ఆవకాయ కాయల సంచీ పెడితే ఇంకో బ్యాగుకి చోటుండదు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఏసీ కట్టెయ్యాల్సిందే. హైవే మీద పక్కనుంచి లారీ దూసుకుపోతే గాలికి కారు ఒకసారి అటూ ఇటూ ఊగుతుంది.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. మనకి సర్దుకోవడం కొత్తా? కానీ కుడి వైపు ఆఖరి మాట రాయడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. దాని వెనక ఒక కథ ఉంది.

కారు కొన్న రెండేళ్ళకి మా ఆడపడుచు వాళ్ళతో కలిసి విజయవాడ బయల్దేరాం. మావారు నడుపుతున్నారు. ముందు సీటులో నేను. వెనక పెద్దవాళ్ళతో ఇరుకైపోయిందని మా ఆడపడుచు కొడుకుని, మూడేళ్ళ పిల్లాణ్ణి, నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వాడికీ అదే సరదా. అద్దంలోంచి లారీలు లెక్కపెడుతున్నాడు. హఠాత్తుగా గేదె ఒకటి రోడ్డుకి అడ్డం వచ్చింది. మావారు బ్రేకు తొక్కారు. కారు ఆగింది. గేదెకి ఏమీ కాలేదు. బెల్టు ఉంది కాబట్టి నాకూ ఏమీ కాలేదు. నా చేతుల్లోంచి పిల్లాడు జారి నుదురు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది. కనుబొమ పైన మూడు కుట్లు పడ్డాయి.

కారుది తప్పు కాదు. గేదెదీ కాదు. బెల్టు నేను పెట్టుకున్నాను, పిల్లాడికి పెట్టలేదు. రెండు చేతులా పట్టుకున్నాను కదా, అదే పెద్ద బెల్టు అనుకున్నాను. వేగంగా పోతున్న బండి ఒక్కసారిగా ఆగితే పది, పన్నెండు కేజీల పిల్లాడు కూడా ఎన్నో రెట్లు బరువైపోతాడట. అమ్మ చేతులైనా సరే, ఆపలేవు. ఈ మాట నాకు తర్వాత తెలిసింది.

మా ఆడపడుచు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది. వాడిప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఏ పెళ్ళిలో కలిసినా “అత్తా!” అని నవ్వుతూ వస్తాడు. నా కళ్ళు మాత్రం ముందు వాడి కనుబొమ మీదికే పోతాయి.

సరే, పాత సంగతి ఇప్పుడెందుకంటారా? మా అమ్మాయికి రెండున్నరేళ్ళ పాప. “అమ్మా, ఎలాగూ నువ్వు తక్కువే తిప్పుతున్నావు, ఆ కారు మాకిచ్చెయ్యి. పాపని స్కూల్లో దింపడానికి, అప్పుడప్పుడు మీ దగ్గరికి రావడానికి పనికొస్తుంది” అంది. అల్లుడు గారూ సరేనన్నారు. మావారికి కూడా ఆ మాట నచ్చింది. ఖర్చు లేని పని కదా! నాకే గొంతులో ఏదో అడ్డుపడింది.

అప్పుడు ఆ ఆఖరి మాట రాశాను. ‘దీనికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు.’

ఇది మా ఒక్క కారు సంగతి కాదు. ఆ రోజుల్లో చవక కార్లన్నీ ఇంచుమించు ఇంతే. మన దేశపు చిన్న కార్లు అయిదింటిని 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ గోడకి గుద్దించి చూస్తే, పెద్దవాళ్ళ రక్షణలో ఒక్కదానికి కూడా ఒక్క నక్షత్రం రాలేదు. ఆ తర్వాత రూల్సు మారాయి. కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. ముందు సీటులో రెండోవారికి కూడా 2021 ఆఖరు కల్లా తప్పనిసరి చేశారు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నక్షత్రాలు ఇచ్చే పరీక్షలు మొదలయ్యాయి. అయితే ఆ పరీక్షకి కారుని పంపడం కంపెనీ ఇష్టం. మనం అడిగితేనే చెబుతారు, అడగకపోతే పాటల పెట్టె గురించి చెబుతారు.

మావారు నా నోటుబుక్కు చూశారు. “ఎడమ వైపు పద్నాలుగు ఉన్నాయి, కుడి వైపు ఆరే ఉన్నాయి. ఉంచుకోవడమే లాభం” అన్నారు. ఆయనది బ్యాంకు లెక్క. “ఏవండీ, చారులో ఉప్పు, పులుపు, మిరియం, ఇంగువ అన్నీ సరిగ్గా పడి, ఒక్క బల్లి పడిందనుకోండి. అయిదింట్లో నాలుగు బాగున్నాయని వడ్డిస్తామా?” అన్నాను. ఆయన ఇంక మాట్లాడలేదు.

అలాగని నేను చిన్న కారు వద్దనడం లేదు. మా సందులకి, మా పెన్షనుకి చిన్నదే సరి. పెద్ద కారు కొని అప్పు కడుతూ పెట్రోలుకి వెనకాడటం కంటే చిన్న కారులో బెల్టు పెట్టుకుని నెమ్మదిగా పోవడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అందుకే మళ్ళీ చిన్న కారే కొన్నాం. మా అమ్మాయి వాళ్ళు సగం వేశారు. మెరిసే చక్రాలు, పెద్ద తెర ఉన్న రకం కాకుండా దాని కింది రకం తీసుకున్నాం. మిగిలిన డబ్బులో కొంత పెట్టి పాపకి పిల్లల సీటు కొన్నాం. పాత కారుని మా మెకానిక్కే విడి భాగాల కోసం తీసుకున్నాడు. తాళాలిచ్చేటప్పుడు గుండె కలుక్కుమంది, దాచడమెందుకు!

చిన్న కారు కొనాలనుకునే అక్కలకీ చెల్లెళ్ళకీ నా అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. షోరూముకి మగవాళ్ళని ఒంటరిగా పంపకండి. అత్తగారినో అమ్మనో వెంట తీసుకెళ్ళి వెనక సీటులో కూర్చోబెట్టి, దిగమనండి. సీటు ఎత్తు సరిపోయిందో లేదో ఆవిడ మోకాళ్ళే చెబుతాయి. వెనక మధ్యలో కూర్చునే మనిషికి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందేమో చూడండి. ఎన్ని నక్షత్రాలని అడగండి. పేపర్లో వేసిన ధర చూసి మురిసిపోకండి, లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు కలిపి రోడ్డెక్కే ధర కాగితం మీద రాయించుకోండి. సి.ఎన్.జి. రకం తీసుకుంటే ఇంధనం ఖర్చు తగ్గుతుంది గానీ, డిక్కీలో సిలిండరుకి ఎంత చోటు పోతుందో తెరిచి చూడండి. మన పచ్చడి జాడీలు వాళ్ళ ఒళ్ళో పెట్టుకోరు కదా!

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లల సంగతి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. జరిమానా కోసం కాదు, మన కోసం పాటించాలి. పిల్లల సీటు ఎప్పుడూ వెనకే బిగించాలి. ఏడాది నిండని పసివాళ్ళది వెనక్కి తిరిగి ఉండాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో దాన్ని పెడితే, ఆ ఎయిర్‌బ్యాగే పాపాయికి ప్రమాదం.

మొన్న పాపని తీసుకుని విజయవాడ వెళ్ళాం. సీటులో బెల్టు బిగించగానే రాగం అందుకుంది. “అమ్మమ్మా, ఒళ్ళోకి!” అని రెండు చేతులూ చాచింది. వెనక సీటులోంచి మా అమ్మాయి, “పోనీలే అమ్మా, కాసేపు పట్టుకోనా? ఏడుస్తోంది” అంది.

“ఏడవనీ” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతి సంచీలోంచి ఒక జంతిక తీసి వెనక్కి అందించాను. సగం దారిలో జంతిక అయిపోయింది, ఏడుపూ అయిపోయింది. వారధి దాటేసరికి నిద్రపోయింది, బెల్టుతోనే.