మరీ గొంతు

రాక్సెట్ అంటే మనలో చాలామందికి ఒక్క పాటే గుర్తు. 'ప్రెటీ వుమన్' సినిమాలోని 'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్'. నిజానికి అది 1987లో స్వీడన్‌లో క్రిస్మస్ కోసం చేసిన పాట. సినిమాకి ఇచ్చేటప్పుడు క్రిస్మస్ మాట తీసేశారు, 1990లో అమెరికాలో నంబర్ వన్ అయింది.

అంతకుముందు కథ ఇంకా బావుంటుంది. వీళ్ల పాటలు తమ దేశంలో నడవవని అమెరికాలోని రికార్డు కంపెనీ పక్కన పెట్టేసింది. స్వీడన్‌లో చదువుకుని వచ్చిన ఒక అమెరికన్ కుర్రాడు ఆల్బమ్ పట్టుకెళ్లి మినియాపొలిస్ రేడియో స్టేషన్‌లో ఇచ్చాడు. 1989 ఏప్రిల్‌కల్లా 'ద లుక్' మొదటి స్థానంలో ఉంది.

పాటలు ఎక్కువగా పేర్ గెస్లే రాసేవాడు. చక్కటి బాణీలు, కాస్త బెల్లం ఎక్కువ. వాటికి బరువు తెచ్చింది మాత్రం మరీ ఫ్రెడ్రిక్సన్. (అవును, ఆమె పేరు మన 'మరీ' లాగానే పలుకుతారు. ఆ గొంతుకి సరిపోయింది.)

2002 సెప్టెంబర్‌లో ఆమె ఇంట్లో కుప్పకూలింది. మెదడులో కణితి. వైద్యం తర్వాత కుడికంటి చూపు పోయింది, చదవడం, లెక్కపెట్టడం పోయాయి.

ఇది చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చారు. పక్షవాతం వచ్చాక ఆయనకి మాట పడిపోయింది. గ్లాసు అడగబోయి గడియారం అనేవారు. అలాంటి మనిషి ఒకరోజు రేడియోతో పాటు ఘంటసాల పాట పల్లవి మొత్తం తప్పుల్లేకుండా పాడేశారు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పాట ఆగాక మంచినీళ్లు అడగడానికి మళ్లీ చెయ్యి చూపించారు. మాట పోయినా పాట మిగలడం చాలామందిలో జరిగేదేనని డాక్టరుగారు చెప్పారు. మాకైతే అంత మామూలుగా అనిపించలేదు.

మరీ 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పేర్ కచేరీలో మళ్లీ స్టేజీ ఎక్కింది. ఆ తర్వాత ఏడేళ్లు ప్రపంచమంతా తిరిగారు. చివరి కచేరీల వీడియోలు చూడండి. స్టూలు మీద కూర్చుని పాడుతుంది. పాత ఎత్తులు అందవు, అక్కడ జనం అందుకుంటారు. గొంతు పోయాక ఎందుకు పాడించడం అని కొందరు విసుక్కుంటారు. నాకు 1991 నాటి రికార్డింగుల కన్నా ఇవే ఎక్కువ ఇష్టం.

2016 ఫిబ్రవరిలో కేప్‌టౌన్‌లో చివరిసారి పాడింది. ఇక తిరగొద్దని డాక్టర్లు చెప్పేశారు. 2019 డిసెంబర్ 9న పోయింది, 61 ఏళ్లకి. 2025లో పేర్ ఇంకో గాయనితో అవే పాటలు మొదలుపెట్టాడు. ఆమె బాగా పాడుతుంది. ఒక్క ఎత్తు కూడా జారదు. రెండు పాటలయ్యాక ఆపేశాను.