కొవ్వాడ: సముద్రానికి పట్టా లేని ఊరు

రణస్థలం దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారి దిగి సముద్రం వైపు మళ్లితే ఇసుకనేలల్లో సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి తోటలు ఎదురవుతాయి. తోటలు ఆగిన చోట ఊరు, ఊరు ఆగిన చోట అలలు. శ్రీకాకుళం జిల్లాలోని కొవ్వాడ ఇది. ఒడ్డున బోట్లు, ఆరబెట్టిన వలలు, ఎండుతున్న మెత్తళ్లు. వేట సరిగా సాగని కాలంలో ఈ జిల్లా తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి పరాయి బోట్లెక్కుతారు.

బయటి ప్రపంచానికి కొవ్వాడ పేరు తెలిసింది చేపలతో కాదు, అణువిద్యుత్తుతో.

2009లో కేంద్రం ఈ తీరాన్ని అణు విద్యుత్ కేంద్రానికి సూత్రప్రాయంగా ఎంపిక చేసింది. మొదట అనుకున్న జీఈ–హిటాచీ రియాక్టర్ల ప్రతిపాదన పక్కకు పోయింది. గుజరాత్‌లోని మీఠీవిర్దిలో రావలసిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను 2016లో ఇటు మళ్లించారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. రామచంద్రాపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి, కొవ్వాడ ప్రాంతాల్లో రెండు వేలకు పైగా ఎకరాలు ప్రాజెక్టు కిందికి వచ్చాయి. నిర్వాసితుల కాలనీకి ఎచ్చెర్ల మండలం ధర్మవరంలో స్థలం చూశారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఎంపిక జరిగి పదిహేనేళ్లు దాటినా ఒక్క రియాక్టరూ లేవలేదు. పిల్లల పెళ్లిళ్లు, ఇంటి మరమ్మతులు, తోటల పెంపకం అన్నీ ‘ఎప్పుడు లేపేస్తారో’ అన్న మాట చుట్టూనే తిరిగాయి.

ఈ నిరీక్షణ మధ్యలోనే 2011 మార్చి 11 వచ్చింది. జపాన్ తూర్పు తీరంలో 9.0 తీవ్రతతో భూకంపం. ఫుకుషిమా దాయిచీ అణు కేంద్రంలో నడుస్తున్న మూడు రియాక్టర్లు వెంటనే ఆగాయి. కానీ రియాక్టరు ఆగినంత మాత్రాన దాని వేడి ఆగదు. ఇంధన కడ్డీలను ఆ తర్వాత కూడా నీటితో చల్లబరుస్తూనే ఉండాలి. భూకంపం బయటి కరెంటును తెంచింది, గంటలోపే వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచింది. పంపులు ఆగాయి. మూడింటిలోనూ ఇంధనం కరిగింది.

కరెంటు పోతే ఏమవుతుందో ఉత్తరాంధ్రకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖ అంతటి నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. కొవ్వాడకు అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 నమూనా రియాక్టరు కరెంటు లేకున్నా 72 గంటలు తనంతట తాను చల్లబడేలా రూపొందింది. ఫుకుషిమా రియాక్టర్లతో పోలిస్తే ఇది నిజమైన మెరుగుదలే. నాలుగో రోజు నుంచి మాత్రం నీళ్లు అందించాలి. చెట్లు కూలి దారులు మూసుకుపోయే తీరంలో అది ఎలా సాధ్యమో ఇక్కడి జనానికి ముందే చెప్పి తీరాలి.

ఫుకుషిమా ప్రాంతంలో లక్షన్నరకు పైగా జనం ఇళ్లు వదిలారు. ఊరు మొత్తం ఖాళీ అయిన ఫుతాబా పట్టణంలోకి తొలి నివాసులు తిరిగి ఉండడానికి వచ్చింది 2022 ఆగస్టులో. కరిగిన ఇంధన శిథిలాలు 880 టన్నులని అంచనా. రోబో సాయంతో తొలి నమూనా బయటికి తీసింది 2024 నవంబరులో, అదీ ఒక గ్రాముకు లోపే.

కొవ్వాడ మనసుకు దగ్గరగా తగిలేది అక్కడి జాలర్ల కథ. ప్రమాదం తర్వాత ఫుకుషిమా తీరంలో వేట నిలిచిపోయింది. 2012 జూన్‌లో ప్రయోగాత్మకంగా మొదలై, 2021 మార్చి దాకా పరిమితంగానే సాగింది. 2023 ఆగస్టులో అణు కేంద్రం నుంచి శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదలడం మొదలుపెట్టగానే చైనా జపాన్ చేపల దిగుమతి ఆపేసింది. చేపలో దోషం లేదని పరీక్షలు చెప్పినా, కొనేవాడి అనుమానం తీరడం మరో పని. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులు గడపడానికే అప్పు చేసే ఇళ్లకు పదేళ్లంటే ఏమిటో లెక్క కట్టి చూపించాలా?

భూమికి పట్టా ఉంటుంది, ఇంటికి పన్ను రసీదు ఉంటుంది. తాతల నాటి నుంచి వేటాడుతున్న సముద్రానికి మత్స్యకారుడి దగ్గర ఏ కాగితమూ ఉండదు. అణు ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్నకు పార్లమెంటు 2010లో ఒక చట్టం చేసింది. నడిపే సంస్థ బాధ్యతకు 1,500 కోట్ల రూపాయల పరిమితి పెట్టినా, లోపమున్న పరికరాలు ఇచ్చిన సరఫరాదారును నిలదీసే హక్కు అందులో ఉండేది. విదేశీ కంపెనీలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పిన క్లాజు అదే. 2025 డిసెంబరులో వచ్చిన ‘శాంతి’ (SHANTI) అణుశక్తి చట్టం ఆ క్లాజును తొలగించింది.

ఒక్క ఇటుకైనా పడకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఈ తీరంలో ఏ కాలంలో ఏ చేప ఎంత పడుతోంది, నీటిలో, ఇసుకలో సహజ రేడియేషన్ ఎంత, ఊరి ఆరోగ్యం ఎలా ఉంది అన్నవి నమోదు చేసి గ్రామసభల ముందు చదివి వినిపించాలి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూపడానికి ఆ లెక్కలే ఊరి చేతిలో ఉండే కాగితం. జూన్ 15 తెల్లవారుజామున బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. తొలి వేటలో పడ్డ కవ్వళ్లు, కానాగడతలు ఎన్ని గంపలో రాసుకోవడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.