గిద్దలూరు పేజీ

మా అక్క కూతురు, అల్లుడు అమెరికా నుంచి వచ్చి వెళ్ళి నెలయింది. అల్లుడు అక్కడి అబ్బాయే. "బాగున్నారా పిన్నీ" తప్ప తెలుగు రాదు. లెక్క మాత్రం పక్కా. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఊరికో పేజీ చొప్పున ఖర్చు రాసుకున్నాడు. బయల్దేరే ముందు రాత్రి అది చదివితే, అమ్మాయి మాకు తెలుగులో చెప్పింది.

ఆగ్రా పేజీ నిండిపోయింది. హైదరాబాదు పేజీ ముప్పావు వంతు. గిద్దలూరు పేజీలో రెండే లైన్లు. నంద్యాల నుంచి కారు, కంభం చెరువు దగ్గర టీ.

"అన్నిటికన్నా చవకైన ఊరు మీదే పిన్నీ" అన్నాడట. నేనూ నవ్వాను.

ఊరు మారితే ఇంత తేడా ఎందుకని అతని సందేహం. అమ్మాయి, మా ఆయన కలిసి విప్పి చెప్పారు. తాజ్‌మహల్‌కు మనకు 50 రూపాయలు, విదేశీయులకు 1100. అందులో 600 పురావస్తు శాఖకు, 500 ఆగ్రా అభివృద్ధి సంస్థకు పోతాయి. సమాధి దాకా వెళ్ళాలంటే ఎవరికైనా ఇంకో 200. గోల్కొండలో మనకు 25, వాళ్ళకు 300. హంపిలాంటి ప్రపంచ వారసత్వ కట్టడాలకు 600 తీసుకుంటారు, గోల్కొండ ఆ జాబితాలో లేదు. మా అమ్మాయికి ఓసీఐ కార్డుంది కాబట్టి ఆమెకు మన టిక్కెట్టే. ఒకే గేటు దగ్గర మొగుడికో ధర, పెళ్ళానికో ధర!

ఇక రూములు. ఆగ్రాకు జనం వచ్చేది చలికాలంలోనే, కాబట్టి అప్పుడే రేట్లు పెరుగుతాయి. హైదరాబాదులో ఆఫీసు పనులవాళ్ళు, పెళ్ళిళ్ళవాళ్ళు రూములు నింపేస్తారు. పైగా రోజుకు 7500 దాటిన రూముకు పన్ను 18 శాతం, ఆ లోపయితే 5.

మరి గిద్దలూరు ఎందుకు చవకయింది? ఇది ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు వస్తున్నామనగానే ముందు లాడ్జిలోనే అడిగాం. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఫారం పంపాలి, ఆ తలనొప్పి మాకెందుకన్నారు. ఇంట్లో పెట్టుకున్నా ఆ ఫారం తప్పదు. మా పాప కూర్చుని నింపింది. కానీ మా బాత్రూము చూస్తే నాకే భయమేసింది. కమోడ్ పెట్టించాం, గీజరు బిగించాం, కొత్త పరుపు కొన్నాం. అందుకోసం చీటీ ముందుగానే పాడుకుని నష్టపోయాం. ఆ డబ్బు పాప హాస్టలు ఫీజుకని దాచుకున్నది. ఆరు రోజులు నాటుకోడి, సంగటి, అలసంద వడలంటూ నేను పొయ్యి దగ్గర నిలబడ్డ లెక్క వేరే.

చెబుదామని నోటిదాకా వచ్చింది. మా ఆయన నా వంక ఒక చూపు చూశారు. ఊరుకున్నాను.

మొన్న సంక్రాంతి ముందు అమ్మాయి ఫోన్ చేసింది. "పిన్నీ, వచ్చే ఏడు మా ఫ్రెండ్స్ నలుగురు కూడా వస్తారట. మీ ఊరయితే ఖర్చే లేదని మా ఆయన అందరికీ చెప్పాడు."

ఇక దాచలేకపోయాను. చీటీ సంగతి, ఫీజు సంగతి అన్నీ చెప్పేశాను. చెబుతుంటే గొంతు వణికింది. అతిథికి పెట్టింది చెప్పుకోకూడదని మా అమ్మ నేర్పింది మరి.

కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "గీజరు మీద స్టిక్కరు చూశాను పిన్నీ. అడిగితే బాధపడతావేమోనని ఊరుకున్నా. నువ్వయినా చెప్పొచ్చు కదా" అంది.

ఇద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకున్నామన్నమాట. ఈసారి నంద్యాలలో రూములు తీసుకుంటారట. ఒక పూట భోజనానికి మా ఇంటికొస్తారు, సరుకుల డబ్బు అమ్మాయి ముందే పంపుతుంది. మా ఆయనకు ఇది ఇంకా మింగుడు పడలేదు.

కమోడ్ మాత్రం వృథా కాలేదు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అత్తగారు రోజూ పొద్దున్నే ఆ అల్లుణ్ణి దీవిస్తున్నారు.

మీ ఇంట్లో అయితే ఏం చేసేవాళ్ళు? చెప్పేవాళ్ళా, ఊరుకునేవాళ్ళా?