వాకపల్లి తీర్పు, ఒక చీర, ఒక కాగితం కవరు



మేం బారువలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న సవర, జాతాపు పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఊర్లోకి ఏ కాగితం వచ్చినా ఫోన్ మాకే వస్తుంది. పోలీసు కాగితమైతే మరీను. పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

వాకపల్లి గురించి మనలో చాలామంది వినే ఉంటారు. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. కేసు హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి తిరిగి తిరిగి, తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారులు సరిగ్గా దర్యాప్తు చెయ్యలేదనీ, ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని మేం రాత్రంతా మాట్లాడుకున్నాం. తప్పు దర్యాప్తుది, నష్టం ఆడవాళ్ళది. ఇదేటి లెక్క? మాకైతే మింగుడు పడలేదు.

పోలీసుల మీద కేసుని పోలీసులే దర్యాప్తు చేశారు. నిందితుల్ని గుర్తుపట్టే పరేడ్ కూడా పెట్టలేదు. పదహారేళ్ళ తర్వాత కోర్టులో నిలబడి మాట ఒక్కటే చెప్తే చాలదు. మొదటి రోజే తీసి దాచిన గుడ్డ ముక్కో, నమూనానో ఉండాలి.

అక్కడే మన కొండ ఊళ్ళ చిక్కు. దెబ్బ తగిలిన మనిషి ముందు చేసే పని స్నానం, తర్వాత చీర ఉతకడం. రెండే చీరలున్న అమ్మ ఆ చీరని ఉతక్కుండా మూలన పడేస్తుందా? ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఉతికితే సాక్ష్యం చాలావరకు పోతుంది. రోడ్డు దాకా డోలీ, అక్కడినుంచి ఆటో, ఆసుపత్రికి చేరేసరికి రోజు గడిచిపోతుంది. నమూనాలు 96 గంటల వరకు తీయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లో ఉంది. ఆలస్యమైంది కదా అనీసి ఇంట్లో కూర్చోవద్దు. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా ఆసుపత్రి పరీక్ష చెయ్యాలి, వైద్యం ఉచితంగా చెయ్యాలి. రెండు వేళ్ళ పరీక్ష చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఎవరైనా చేస్తామంటే వద్దనండి.

ఆ తర్వాత గుడ్డల సంగతి. తడి గుడ్డని ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే బూజు పడుతుంది, లోపలున్నది పాడైపోతుంది. నీడన ఆరబెట్టి, ఒక్కో గుడ్డ విడిగా కాగితం కవర్లో పెట్టి, సీలు వెయ్యాలి. బారువ సముద్రపు గాలికి మా పుస్తకాలే చెమ్మ పట్టేస్తాయి, ఇంక స్టేషన్ మాల్‌ఖానాలో గుడ్డ మూట సంగతి చెప్పాలా? రక్తం నమూనాకి ఫ్రిజ్ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు కరెంటు లేదో మనకి తెలుసు.

సీలు ఎందుకు ముఖ్యమంటే, ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ల్యాబ్‌కి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి, ఏ తేదీన వెళ్ళిందో రాసి ఉండాలి. మధ్యలో ఒక్క సంతకం లేకపోతే అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. డీఎన్‌ఏ నమూనాని తీసిన 48 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలని, చేతులు మారిన లెక్కకి రిజిస్టరు పెట్టాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఒక తమిళనాడు కేసులో ఆదేశించింది. మనకి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైనే. ఆ ప్రయాణం మన చేతుల్లో లేదు, అడగడం మాత్రం ఉంది. నమూనా ఏ రోజు పంపారు? ఎవరు తీసుకెళ్ళారు? వైద్య పరీక్ష కాగితం కాపీ ఇవ్వండి, అది బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి. ఎస్సైగారూ అని మర్యాదగానే అడగండి, జవాబు తేదీతో సహా రాసుకోండి. బాధితురాలి పేరు, ఊరు మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టొద్దు, ఈ గ్రూపులో కూడా.

ఇంకో పని ఉంది. మా అమ్మలకి తెలుగు చదవడం రాదు. మందస, మెళియాపుట్టి వైపు సవర బాగా వచ్చిన అక్కలెవరైనా ఈ చీర, కవరు, 96 గంటల ముక్క వరకు సవరలో వాయిస్ చేసి కింద పెట్టండి. మగవాళ్ళ గొంతు వద్దు, అక్కల గొంతే కావాలి. సంతలో ఫోన్ పెట్టి మేం వినిపిస్తాం.