చేతి గడియారం – గుణమూ, రోగమూ

కొత్తగా యాంత్రిక గడియారం చేతికి వచ్చినవారి ఆందోళన, తొలిచూలు బిడ్డను ఎత్తుకున్న తల్లిదండ్రుల ఆందోళన వంటిది. తుమ్మితే భయం, దగ్గితే భయం, నిద్రపోతున్నా భయమే. ఆ భయాన్ని అనుభవించినవారము కనుక, ఆ ముచ్చట సోదర ఉద్యోగులతోనూ వారి కుటుంబాలతోనూ పంచుకోదలచినాము.

మా అమ్మాయి తన మొదటి జీతంతో మాకొక గడియారం బహూకరించింది. బ్యాటరీ లేదు. చేతి కదలికకు లోపలి బరువుబిళ్ళ తిరిగి, స్ప్రింగు తనంతట తానే చుట్టుకునే రకము. తేదీ కూడా చూపుతుంది. “తాతయ్య గడియారం ఆగిపోయినప్పటినుంచి మీ చెయ్యి బోసిగా ఉంది నాన్నా” అన్నది. మేమేమీ బదులు చెప్పలేదు. ఆ గడియారం సంగతి తరువాత మనవి చేస్తాము.

వారం తిరగకుండానే కొత్త గడియారం మీద మా ఫిర్యాదులు నాలుగయ్యాయి. సెల్‌ఫోనుతో పోల్చి చూస్తే రోజుకు 12 సెకన్లు ముందుకు పోతున్నది. చెయ్యి విదిలిస్తే లోపల ఏదో గిర్రున తిరిగిన చప్పుడు. అర్ధరాత్రి ఠక్కున మారవలసిన తేదీ, పదకొండున్నరకు కదలడం మొదలుపెట్టి పన్నెండున్నరకు గాని కుదురుకోవడం లేదు. శనివారం సాయంత్రం తీసి బీరువాలో పెట్టిన గడియారం సోమవారం ఉదయానికి ఆగిపోయి ఉన్నది. గంటకొకసారి ఫోనునూ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి చూసే మా అవస్థ గమనించిన మా శ్రీమతి, “గడియారం చూసి టైము తెలుసుకుంటారా, టైము చూసి గడియారాన్ని తెలుసుకుంటారా?” అని అడిగింది.

మేము కాపురముంటున్న కిరుమాంబాక్కం, పుదుచ్చేరి నుండి కడలూరు వెళ్ళే రహదారి మీద ఉన్నది. ఆ రోడ్డు పక్కనే ఒక వృద్ధుడు గడియారాలు బాగుచేస్తూ ఉంటాడు. ఆయన పూర్వీకులు ఎన్ని తరాల క్రితం ఈ ప్రాంతానికి వచ్చారో ఆయనకే తెలియదు గాని, ఇంట్లో తెలుగే. వ్రాయడం రాదు, మాట మాత్రం తీయగా వినవస్తుంది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకోకుండానే మా ఫిర్యాదులన్నీ విని, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తిరిగి మా చేతిలో పెట్టేశాడు.

“దీనికి ఏ జబ్బూ లేదు సార్. ఇది దాని గుణం. మూత తెరవొద్దు. నేనైనా సరే, గ్యారంటీ ఉండగా తెరిస్తే కంపెనీవాళ్ళు ఒప్పుకోరు” అన్నాడు.

“మరి 12 సెకన్లు?”

“రోజుకి సెకన్లు ఎన్ని సార్?”

లెక్క వేసి 86,400 అన్నాము. అంటే 12 సెకన్ల తేడా రెండు గంటలకు ఒక్క సెకను మాత్రమే. మా గడియారంలోని బాలెన్సు చక్రం గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉన్నది. రోజుకు 5,18,400 సార్లు. వెంట్రుకవంటి స్ప్రింగు ఆధారంగా, వేడిలో, చలిలో, చేతి ఊపులో అది చేసే పని అది. స్విట్జర్లాండులో పరీక్షించి క్రోనోమీటరు అని ధ్రువపత్రం ఇచ్చే మేలురకం యంత్రాలకు సైతం రోజుకు 4 సెకన్లు వెనుక, 6 సెకన్లు ముందు వరకు సగటు తేడా అనుమతిస్తారు. సాధారణ రకాలకు 20, 30 సెకన్ల తేడా కూడా దోషం కాదు. నెలకు 15 సెకన్లు మాత్రమే తప్పే క్వార్ట్జ్ గడియారంతో దీనిని పోల్చడం న్యాయం కాదు.

మిగిలిన ఫిర్యాదులూ అట్లే తేలిపోయాయి. గిర్రుమన్న చప్పుడు బరువుబిళ్ళ తిరిగే చప్పుడు. తేదీ నెమ్మదిగా మారడం చాలా యంత్రాలకు సహజమే. ఆ సమయంలో, అనగా రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారుజామున మూడు వరకు, కీ తిప్పి తేదీ మార్చరాదని, మారిస్తే పళ్ళచక్రం దెబ్బతినవచ్చునని హెచ్చరించాడు. పూర్తిగా చుట్టుకున్న స్ప్రింగు సుమారు 40 గంటలు నడుపుతుంది. కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసే మావంటివారి చేతికి అంత కదలికైనా ఉండదు. ఆదివారమంతా బీరువాలో ఉన్నది సోమవారం ఆగిపోవడం దాని తప్పు కాదు.

లేవబోతుండగా ఆ పెద్దాయన అన్న మాట మాత్రం మమ్మల్ని నిలువునా ఆపివేసింది. “ఆ రోజు రావలసినప్పుడు మీరు రాలేదు సార్. ఈ రోజు రానక్కరలేనప్పుడు వచ్చారు.”

అది మా నాన్నగారి గడియారం గురించి. 1961లో జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం మొదలైంది. తరువాత 1980ల దశకంలో సీకో సహకారంతో హైదరాబాదు ఆల్విన్ గడియారాలూ వచ్చాయి. ప్రభుత్వ రంగ ఉద్యోగుల ఇళ్ళలో ఆ పేర్లు ఇంటిపేర్లంత పరిచితాలు. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. నాన్నగారిది ఆ పాత తరపు గడియారమే. ప్రతి ఉదయం షిఫ్టుకు బయలుదేరే ముందు కీ ఇచ్చేవారు. కొన్నేళ్ళకొకసారి శుభ్రం చేయించి నూనె వేయించేవారు. వారి తదనంతరం అది మా చేతికి వచ్చింది. కీ ఇవ్వడం నేర్చుకున్నాము గాని, నూనె సంగతి మరచితిమి. కొన్నాళ్ళకు రోజుకు అయిదు నిమిషాలు వెనుకబడసాగింది. “పాతది కదా, దాని గుణమంతే” అనుకుని ప్రతి ఉదయం ముల్లు సరిచేసుకుంటూ వచ్చాము. ఒక కార్తీకమాసపు వానల్లో అద్దం లోపల ఆవిరి పట్టింది. రెండు రోజులకు దానంతటదే పోయింది, మేమూ ఊరుకున్నాము. తరువాతి వేసవిలో గడియారం ఆగిపోయింది. పెద్దాయన తెరిచి చూపితే లోపల తుప్పు. నూనె ఎండి ఇరుసులు అరిగిపోయాయి. తగిన విడిభాగాలు దొరకలేదు. దోషం యంత్రానిది కాదు, మాది.

రోగాన్ని గుణమనుకుని పాత గడియారాన్ని పోగొట్టుకున్నాము. గుణాన్ని రోగమనుకుని కొత్తదాని మూత తెరిపించబోయాము. ఈ రెంటికీ తేడా తెలిసేదెట్లా అని అడిగితే, “రోజూ ఒకే వేళకు చూసి రాసి పెట్టండి. ఒకే లెక్కన తప్పితే గుణం. లెక్క మారితే జబ్బు” అన్నాడు.

మన సంస్థలో లాగ్ పుస్తకం చూడకుండా ఏ యంత్రాన్నీ విప్పరు. ఇంటి గడియారానికి ఆ పద్ధతి తోచకపోవడం మా అవివేకం. ఆ రాత్రి నుంచే రాయసాగాము: 12, 11, 13, 12. రాత్రి డయలు పైకి ఉండేలా పడుకోబెడితే కాస్త ఎక్కువ, కీ కిందికి వచ్చేలా నిలబెడితే కాస్త తక్కువ. నాలుగవ వారంలో ఒక రోజు ఉన్నట్లుండి నాలుగు నిమిషాలు ముందుకు పోయింది. మరునాడూ అంతే. ఈసారి సందేహించక పెద్దాయన వద్దకు వెళ్ళాము. ఆయన దిక్సూచి పక్కన పెడితే దాని ముల్లు వణికింది. అయస్కాంతం పట్టి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయట. ముందురోజు దానిని టేపురికార్డరు స్పీకరు మీద పెట్టి మరచిన సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మూత తెరవకుండానే చిన్న పరికరం మీద పెట్టి తీశాడు. క్షణాల్లో పని అయింది. ఆ రాత్రి మళ్ళీ 12.

కనుక మనవి చేసేదేమనగా: లెక్క ఒక్కసారిగా నిమిషాల్లోకి మారినా, నిండా కీ ఇచ్చినా పూట గడవకముందే ఆగినా, సెకన్ల ముల్లు ఆగి ఆగి నడిచినా, కీ వదులై ఊడి వస్తున్నా, కింద పడిన తరువాత లోపల గలగలమన్నా ఆలస్యం చేయకండి. గ్యారంటీ ఉంటే కంపెనీ సర్వీసు కేంద్రానికి, లేకుంటే నమ్మకమైన పనివానికి చూపండి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే మాత్రం ఆరిపోయేదాకా ఆగకండి. మావంటి సముద్రతీర వాసులకు ఇది మరీ ముఖ్యం. ఏ బాధా లేకున్నా నాలుగైదేళ్ళకొకసారి నూనె మార్పించడం మేలు. మిగిలిన చిన్న చిన్న వింతలను ఇంటిమనిషి స్వభావంలా ఓర్చుకుందాము.

నాన్నగారి గడియారం ఇప్పటికీ బీరువాలోనే ఉన్నది, నడవదు. దాని పక్కనే ఈ లాగ్ పుస్తకం పెట్టుకున్నాము. ప్రతి రాత్రి తొమ్మిదింటికి పుస్తకం కోసం బీరువా తెరచినప్పుడల్లా అది కనబడుతుంది. కొత్తదాని లెక్క మరచిపోకుండా రాయడానికి అంతకన్న మరొక హెచ్చరిక మాకు అక్కరలేదు.