పసుపెక్కిన లైట్ల పద్దు

మాణికేశ్వర్ నగర్ అంటే కొందరికి వెంటనే తెలియదు. ఉస్మానియా క్యాంపస్ పక్కన వడ్డెర బస్తీ అంటే ఆటోవాళ్లు టక్కున తలూపుతారు. మా గల్లీలో నా కారుకు దొరికే జాగా ఒక్కటే. వేపచెట్టు పక్కన, ముక్కు ఉత్తరానికి పెట్టి ఆపాలి. కుడి లైటుకు చెట్టు నీడ, ఎడమ లైటుకు పడమటి ఎండ. ఈ మాత్రం సంగతి నాకు తట్టడానికి ఐదేళ్లు పట్టింది.

2010 నాటి వ్యాగనార్ అది. ఇంకా ఏపీ నంబరు ప్లేటే. 2019లో లక్షా అరవై వేలకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బేరమాడేటప్పుడు టైర్లు తన్ని చూశాను, బోనెట్ ఎత్తి ఏదో తెలిసినవాడిలా తొంగి చూశాను. లైట్లు వెలుగుతున్నాయా అని మాత్రమే చూశాను. పట్టపగలు వెలగని లైటెక్కడుంటుంది!

లైటు మసకబారడం అప్పు పెరిగినట్టే ఉంటుంది, ఏ రోజుకారోజు తేడా కనపడదు. ఓ రాత్రి క్యాంపస్ రోడ్డులో చెట్ల కింద నడిచిపోతున్న కుర్రాడు మరీ దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. బ్రేకు మీద కాలు వణికింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ లైటు పాత చద్దన్నం గంజిలా ఉంది.

మొదటి వైద్యం టూత్‌పేస్టు. అందులో ఉండే సన్నని గరుకు పైపొరను కాస్త గీకుతుంది, అంతే. ఇరవై రోజులు మెరిసింది. తర్వాత రోడ్డు పక్కన పాలిష్ చేసేవాడికి రెండు లైట్లకూ 600 ఇచ్చాను. అద్దంలా చేసి చూపించాడు. నాలుగు నెలలకు మునుపటికంటే అధ్వానమైంది. మళ్లీ అక్కడికే వెళ్లి ఇంకో 600 ఇచ్చాను. ఇది నా తెలివి.

ఎందుకలా అవుతుందో ఆ తర్వాత తెలిసింది. పాత అంబాసిడర్లకు, ఫియట్లకు గాజు లైట్లుండేవి. గాజు పగులుతుంది కానీ పసుపెక్కదు. ఇప్పటి లైట్ల పైకప్పు పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. తేలిక, గట్టి, ఏ వంపు కావాలంటే ఆ వంపులో పోత పోయొచ్చు. దానికి గీతలంటే భయం, ఎండలోని అతినీలలోహిత కిరణాలంటే ఇంకా భయం. అందుకే కంపెనీలోనే దాని మీద పలుచని గట్టి పూత వేస్తారు. ఆ పూత ఎండకు చెడిపోయి పొరలు లేస్తేనే మసక. పాలిష్‌వాడు మిగిలిన పూతను కూడా నున్నగా తీసేసి, కొత్తది వేయకుండా పంపించాడు. చొక్కా విప్పి ఎండలో నిలబెట్టినట్టు.

ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. వెలుగు చాలడం లేదు కదా అని, కంపెనీ పెట్టిన 60/55 వాట్ల బల్బులు తీయించి 100/90 వి వేయించాను. 700. మసక అద్దం వెనక పెద్ద బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, చెల్లాచెదురై ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. నెల తిరక్కుండా తార్నాక సిగ్నల్ దగ్గర కాలిన వాసన. బల్బు హోల్డరు కరిగింది. దానికి 450.

ఇవన్నీ కలిపితే 2,350. పెద్ద మొత్తమేం కాదు, అందుకే పద్దు రాయలేదు. అసలు ఖర్చు వేరే పద్దులో ఉంది. చీకటి పడితే కారు తీయడం మానేశాను. పెళ్లిళ్లకు, ఆస్పత్రికి, సికింద్రాబాద్ స్టేషనుకు అన్నిటికీ క్యాబే. ఓ ఆదివారం ఫోనులో చెల్లింపులు వెనక్కి జరుపుతూ లెక్కేస్తే ఆరు నెలల్లో 41 ట్రిప్పులు, 7,380 రూపాయలు. కారు ఇంటి ముందు, నేను క్యాబులో.

ఇన్సూరెన్సు వాడుకోమని, ఏదో తగిలిందని చెబితే సరిపోతుందని ఒక మిత్రుడి సలహా. అరుగుదలకు పాలసీలో డబ్బు రాదు, అబద్ధం ఆడడం నాకు ఇష్టం లేదు. అబద్ధం ఆడినా గిట్టదు. కంపెనీ లైటు 3,200. ప్లాస్టిక్ భాగాలకు తరుగు కింద సగం కోత, మిగిలేది 1,600. అందులో మనం భరించాల్సిన 1,000 పోతే చేతికొచ్చేది 600. నాలుగేళ్లు క్లెయిమ్ చేయనందుకు నాకు 45 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. 2,400 ప్రీమియం మీద అది 1,080. అది సున్నా అవుతుంది.

2025లో పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగింపుకు బండి చూపించాల్సిన గడువు దగ్గరపడ్డాక కదిలాను. మా బస్తీలోనే పెయింటింగ్ పని చేసే కుర్రాడున్నాడు. టార్చి పెట్టి రెండు లైట్లూ చూశాడు.

"అన్నా, కుడిదైతే చేస్త. ఎడమది లోపల్నుంచే పోయింది, నీళ్లు కూడా దిగినయి. మీద ఎంత రుద్దినా ఫాయిదా లేదు. పైసలు ఖరాబు చేస్కోకు."

పని పోగొట్టుకుంటూ నిజం చెప్పినవాడు ఇన్నేళ్లలో ఆ ఒక్కడే.

తెల్లారి గాలి, దుమ్ము లేవకముందే మొదలుపెట్టాడు. లైటు చుట్టూ టేపు అంటించి, 800 నంబరు వాటర్ పేపర్‌ను బకెట్లో ముంచి రుద్దుతుంటే పసుపు నీళ్లు కారాయి, పసుపు కొమ్ము అరగదీసినట్టు. కాసేపటికి ఆ నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. "పాత పూత పోయిందన్నట్టు," అన్నాడు. తర్వాత 1000, 1500, 2000. లైటు మొత్తం నూనె కాగితంలా తయారైంది, నాకు గుండె జారింది. "మా తాత బండలు గిట్లనే నున్నగ చేస్తుండె. మోటు రాయి నుంచి సన్నదానికి పోవాలె, నడుమ ఒక్కటి ఇడిస్తే గీతలు కనపడ్తయి," అంటూ నవ్వాడు. పొడి గుడ్డతో తుడిచి, ఎండ తట్టుకునే క్లియర్ కోటు స్ప్రే కొట్టాడు. కొట్టిన చోటల్లా మసక కరిగి లోపలి బల్బు కనపడసాగింది. 750 తీసుకున్నాడు. ఎన్నాళ్లుంటుందంటే, "రెండేండ్లుంటే మంచిది, గ్యారంటీ మాత్రం ఇయ్యనన్నా," అన్నాడు.

ఎడమ లైటు రాణిగంజ్‌లో 1,600కు దొరికింది, కంపెనీది కాదు. బిగించి, వెలుగు మరీ పైకి పోకుండా గోడ మీద సరిచూసి ఇచ్చినందుకు మెకానిక్‌కు 300. మొత్తం 2,650. రెండు లైట్ల రంగు ఒక్క పిసరు తేడా ఉంది, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రోజూ కారాపగానే రెండు లైట్ల మీదా పాత పంచె చింపిన గుడ్డలు కడుతున్నాను. నిన్న గల్లీలో పిల్లొకతె వచ్చి అడిగింది: "అంకుల్, కారు కండ్లకు గంతలు కట్టిండ్రేంది? దాగుడుమూతలా?"